పటములలో పురుగు

మొగుళ్లపల్లి నల్లరేగడి చేలలో "పురుగు" అను మాట వినబడినచో రైతు పని మాని తల యెత్తి చూచును. అచ్చట ఆ మాటకు మొదటి యర్థము పత్తికాయను తొలుచు పురుగు. అదే మాటను ఉత్తరముగా భూపాలపల్లి దాటి, గోదావరి చెంతనున్న మహాదేవపురము అడవులలో పలికినచో వారికి స్ఫురించునది వేరు. మద్దిచెట్టుపై పచ్చగా ప్రాకుచు, తన చుట్టు తానే గూడల్లుకొని, లోకమునకు దసలి పట్టునిచ్చు పురుగది. 2016వ సంవత్సరమునకు పూర్వము ఈ రెండు చోట్లు రెండు జిల్లాలలో నుండెడివి, ఒకటి వరంగల్లున, రెండవది కరీంనగరమున. నేడు రెండును జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనివే. ఒక్క జిల్లాలో ఒక పురుగు చేనిని తినుచున్నది, వేరొక పురుగు కుటుంబములను పోషించుచున్నది.

పురుగు బొమ్మకు గూడ చరిత్ర యుండునా యని కొందరు నవ్వవచ్చును. రాజుల బొమ్మలకును దేవతల బొమ్మలకును చరిత్ర యుండుట సహజమే గాని, కాలిక్రింద నలిగిపోవు ప్రాణికి పటమేమి, చరిత్రయేమి? అయినను మానవులు వేనిని బొమ్మగా వ్రాసిరో, వేనిని వ్రాయక విడిచిరో పరిశీలించినచో, వారి చూపు ఎచ్చట నిలిచినదో, ఎచ్చట నిలువలేదో తెలియును. అందుచేత ఈ ప్రసంగమున రెండు రకముల పటములను ప్రక్కప్రక్కన పరచి చూడదలచితిమి. ఒకటి మన తెలంగాణమున నకాషీలు గుడ్డపై వ్రాసిన కథాపటము. రెండవది ప్రకృతిశాస్త్రజ్ఞులు చిత్రకారులచే వ్రాయించి, రాగిరేకులపై చెక్కించి, అచ్చొత్తించిన పటము. రెండింటను దారము కథ కలదు. రెండింటను ఒక లోపమును కలదు.

మొదట మాటను చూతము. తెలుగున పురుగు అనగా ప్రాకునదియు, కొన్నియెడల ఎగురునదియు. మిణుగురును పురుగే, చెదయు పురుగే. వానపామునకు మాత్రము మనవారు పాము పేరు పెట్టిరి. ఆంగ్లేయులు వానపామును, పట్టుపురుగును ఒకే మాటతో పిలిచిరి. స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1758లో వెలువరించిన జంతువర్గీకరణమున వానపాములు, నత్తలు మొదలైన మెత్తని ప్రాణులను ఒక తరగతిగా కూర్చి, పట్టుపురుగును దానినుండి తప్పించి కీటకములలో చేర్చెను. ఏలయన పట్టుపురుగు నిజమునకు పూర్తి ప్రాణి కాదు. అది రెక్కల చిలుకకు బాల్యదశ. మన పెద్దలు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు విధములుగా విభజించి, పేలు, నల్లులు మొదలగు క్రిములను చెమట నుండియు తేమ నుండియు పుట్టునవనిరి. ఐరోపావాసులును అట్లే బురదనుండియు కుళ్లునుండియు పురుగులు పుట్టునని చిరకాలము నమ్మిరి. 1668లో ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాంచెస్కో రేడి కొన్ని పాత్రలలో మాంసమునుంచి, కొన్నింటికి మూత వేసి, కొన్నింటిని తెరచి యుంచెను. ఈగ వ్రాలిన మాంసమునందే పురుగు కానవచ్చెను. గ్రుడ్డు లేనిదే పురుగు లేదని ఆ చిన్న పరీక్ష తెలిపినది.

మన వాఙ్మయమున పురుగునకు లోటు లేదు. వేదాంతులు భ్రమరకీట న్యాయమును చెప్పుదురు. తుమ్మెద తెచ్చి గూట నుంచిన కీటకము నిరంతరము తుమ్మెదనే ధ్యానించి తుదకు తుమ్మెద యగునట. నిజమునకు మన గోడలపై మట్టిగూడు కట్టు కందిరీగజాతి తల్లి, ఆకుపురుగును కుట్టి, కదలలేకుండ జేసి, తన పిల్లకు ఆహారముగా గూటిలో నుంచును. గూటినుండి వెలువడునది ఆ పురుగు కాదు, దానిని తిని పెరిగిన పిల్ల. అట్లే తన నోటి దారముతో తననే బంధించుకొను పట్టుపురుగును, అనగా కోశకార కీటకమును, కర్మబద్ధుడైన జీవునకు పోలిక చెప్పిరి. మహాభారతమున మాండవ్యముని చిన్ననాట పురుగులకు పుల్లలు గ్రుచ్చిన పాపమునకు పెద్దయైన పిదప తానే కొరతపాలయ్యెను. ఇట్లు పురుగు మనకు ఉపమానమైనది, ధర్మసూక్ష్మమైనది. కాని ఎదుట నుంచుకొని, దాని కాళ్లెన్ని, కణుపులెన్ని యని లెక్కించి వ్రాయదగిన రూపముగా మన చిత్రకారుల కన్ను దానిపై నిలిచినది అరుదు.

ఇక కథాపటమును విప్పుదము. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదై, నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల ఈ పటములకు ప్రసిద్ధి. నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతపూసి, ఆరబెట్టి, నునుపుచేసి, దానిపై ఎర్రని నేలరంగుతో కథను వరుసలు వరుసలుగా వ్రాయుదురు. పటము నిలువున మూరలకొలది సాగును. కథ చెప్పువాడు దానిని వ్రేలాడగట్టి, ఒక్కొక్క వరుసను చూపుచు, రాత్రి తెల్లవార్లు పాడును. ఏ కులమువారి పురాణము ఆ కులమునకు కలదు. గౌడులకు గౌడ పురాణము, ముదిరాజులకు కాకిపడగలవారు చెప్పు పాండవుల కథ, మాదిగలకు డక్కలివారు చెప్పు జాంబ పురాణము, పద్మశాలీలకు కూనపులివారు చెప్పు మార్కండేయ పురాణము. ఈ విద్య ప్రాచీనమైనది. భావనారుషి కథను చిత్రించిన 1625 నాటి పటమొకటి హైదరాబాదున జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియమునకు చెందినది.

పద్మశాలీల పటమే మన ప్రసంగమునకు ముఖ్యము. దేవతలకు వస్త్రము లేక సిగ్గుపడునప్పుడు మార్కండేయుని హోమగుండము నుండి భావనారుషి పుట్టెను. విష్ణుమూర్తి నాభికమలము నుండి తామరతూటి దారమును తెచ్చి, మగ్గము పన్ని, దేవతలకు బట్టలు నేసి యిచ్చెను. సూర్యుని కుమార్తెయైన భద్రావతిని పెండ్లాడెను. కాలవాసురుని చంపి, వాని దేహమునుండి రంగులను గ్రహించెను. పటమున ఇవన్నియు కన్నులపండువుగా నుండును. పనివాడు కలడు, పనిముట్టు కలదు, పెండ్లి కలదు, యుద్ధము కలదు. చూచుచున్న కులస్థునకు తన చేతిపని దేవతల మానము కాపాడినదని గర్వము కలుగును. కాని దారము మాత్రము తామరలో పుట్టినది. పత్తికాయ పగులదు, పట్టుకాయ ఉడుకదు. ఒక ప్రాణి ఆకు తిని దారము నుమిసినదని గాని, ఆ దారమునకై అది మరణించినదని గాని ఆ కథకు పని లేదు. దోషము పట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆ పటము పుట్టినది మనిషికి గౌరవము నిచ్చుటకు, ఆ పనిని అది నెరవేర్చినది. పురుగు మాత్రము దాని యంచునకు వెలుపలనే మిగిలినది.

ఈ పటమును మడచి, రెండవ పటమును తెరతము. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున 1647లో మరియా సిబిల్లా మెరియన్ అను బాలిక పుట్టినది. చిత్రకారుల ఇంట పెరిగిన ఆమె పదుమూడవ యేట, అనగా 1660లో, పట్టుపురుగులను పెంచి, వాని మార్పులను చూచి వ్రాసికొన మొదలుపెట్టెను. 1679లో ఆమె అచ్చువేసిన గొంగళిపురుగుల గ్రంథమున మొదటి పటము పట్టుపురుగుదే. గ్రుడ్డు, పురుగు, గూడు, రెక్కల చిలుక, ఆ పురుగు తిను కంబళి ఆకు, ఇవన్నియు ఒకే పుటపై కూడియున్నవి. అంతవరకు పుస్తకములలో పురుగులు సూదికి గ్రుచ్చిన ఎండు వస్తువులవలె వరుసగా పడియుండెడివి. ఆమె చేతిలో పురుగు బ్రతికినది. ఏ చెట్టుపై పుట్టినదో, ఏమి తినినదో, ఏమైనదో పుట చూచిన బాలుడును చెప్పగలడు. 1699లో ఆమె తన కుమార్తెతో ఓడ యెక్కి దక్షిణ అమెరికాలోని సూరినామునకు వెళ్లి, రెండేండ్లు అడవుల పురుగులను చిత్రించి, 1705లో ఆ పటములను ప్రకటించెను. రేడి పరీక్ష బుద్ధికి చెప్పినదానిని మెరియన్ పటము కంటికి చూపినది.

మన దసలి పురుగు ఈ విధమైన పటములలోనికి మొదట వచ్చినది తన రెక్కలతోనే. లండనులో వెండిపని చేయు డ్రూ డ్రూరీ అను వర్తకుడు నావికులచేత దేశదేశముల కీటకములను తెప్పించుకొనెడివాడు. 1770 మొదలు అతడు వెలువరించిన గ్రంథములకు మోజెస్ హారిస్ బొమ్మలు వ్రాసెను. నేటికిని శాస్త్రజ్ఞులు దసలి చిలుకను 1773లో డ్రూరీ పెట్టిన మిలిట్టా యను పేరుతోనే వ్యవహరింతురు. ఓడలో వచ్చిన ఎండు చిలుక తాను ఏ చెట్టు బిడ్డయో చెప్పలేదు. ఆ సంగతి చెప్పువాడు ఈ దేశమున తిరిగినవాడు కావలెను.

అట్టివాడు విలియం రాక్స్‌బర్గు. స్కాట్లాండు దేశీయుడగు ఈ వైద్యుడు 1781 నుండి మన సామర్లకోటలో నివసించి, అచ్చట తోట పెంచి, తెలుగుదేశపు చెట్లను చేమలను భారతీయ చిత్రకారులచే వ్రాయించెను. 1795 నుండి వెలువడిన ఆయన కోరమండల తీరపు వృక్షముల గ్రంథమున 300 పటములు కలవు. వానితో కూడ ఆ చెట్ల తెలుగు పేర్లును లండనులో అచ్చుపడినవి. 1793లో ఆయన కలకత్తా తోటకు అధికారియై వెళ్లెను. అచ్చటినుండి వ్రాసి పంపిన దసలి, ఆముదపు పట్టుపురుగుల వృత్తాంతము 1804లో లండను లిన్నేయ సంఘపు సంపుటమున పటములతో వెలువడెను. పురుగు, గూడు, చిలుక, ఆకుకొమ్మ, అన్నియు అందు గలవు. మెరియన్ చూపిన త్రోవ మన అడవి పురుగును చేరినది.

ఆ వృత్తాంతమున ఒక విశేషము కలదు. చెట్టుక్రింద పురుగు పెంటికలను చూచి, పైన పురుగున్నదని అడవివారు గుర్తింతురని రాక్స్‌బర్గు వ్రాసెను. కొమ్మలతో కూడ దానిని తెచ్చి తమకు అనువైన చెట్లపై విడుతురనియు, పగలు కాకుల నుండి, రాత్రి గబ్బిలముల నుండి దానిని కాచుచుందురనియు వ్రాసెను. ఎంత చక్కని పరిశీలన! కాని ఆ కావలివాడు వ్రాతలో నున్నాడే గాని పటములో లేడు. నేలపై పెంటికను చూచి కొమ్మపై ప్రాణిని తెలిసికొను విద్య ప్రకృతిశాస్త్రము గాక మరేమి? ఆ విద్య గలవాని ముఖమును ఎవరును వ్రాయలేదు. అంతియే కాదు, రాక్స్‌బర్గు కొలువులో కుంచె పట్టిన భారతీయ చిత్రకారుల పేర్లును అచ్చు పటములపై మనకు కానరావు. 1881లో థామస్ వార్డిల్ అను రంగుల పనివాడు లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమున నుంచిన భారతదేశపు అడవి పట్టుల సేకరణకు వివరణగ్రంథము వ్రాసెను. అచ్చట ప్రదర్శనకెక్కినవి గూళ్లు, దారములు, గుడ్డలు. సముద్రము దాటి పోయినది వస్తువు, ఇచ్చట నిలిచిపోయినవాడు మనిషి.

ఇప్పుడు రెండు పటములను దించి, మహాదేవపురము మద్దిచెట్ల క్రిందికి వెళ్లుదము. దసలి పురుగు ఇంటిలో తట్టలలో పెరుగు కంబళి పట్టుపురుగు వంటిది కాదు. నల్లమద్ది, తెల్లమద్ది ఆకులపై ఆరుబయట పెరుగును. గ్రుడ్డు పొదిగిన పిదప నాలుగు మారులు కుబుసము విడిచి, నెల దాటునప్పటికి చేతివ్రేలంత లావై, ఆకుపచ్చని మేనిపై వెండిచుక్కల వంటి మెరుపులతో నుండును. ఎండయు వానయు దానివే, శత్రువులును దానివే. చీమ, కందిరీగ, కాకి, ఉడుత, అన్నింటికిని అది ఆహారము. అందుచేత పెంపకపువాడు కేకలు వేయుచు, వడిసెల త్రిప్పుచు చెట్లక్రిందనే దినములు గడుపవలెను. తుదకు పురుగు కొమ్మకు గట్టి కాడ నొకటి చుట్టి, దానికి కాయవలె గూటిని వ్రేలాడదీయును. అందుచేతనే జనులు దానిని పట్టుకాయ యందురు. లోనుండి వెలువడు చిలుకకు రెక్కలపై అద్దపు కన్నులు నాలుగుండును. తినుటకు నోరుండదు. కొద్ది దినములు బ్రతికి, గ్రుడ్లు పెట్టి మరణించును.

అన్ని కాయలనుండియు చిలుకలు వెలువడనిచ్చినచో ఎడతెగని దారము రాదు. విత్తనమునకు కొన్నింటిని విడిచి, తక్కినవానిని వేడి తగిలించి, లోని ప్రాణిని చంపి, క్షారజలమున ఉడికించి మెత్తపరతురు. తరువాత దారము తీయు పని. దసలి ప్రాంతములలో ఈ పని చిరకాలము స్త్రీలదే. అనేక చోట్ల కాయలనుండి పోగులను లాగి, తమ తొడపై అరచేతితో రాచి పురి యెక్కించెడివారు. దినమంతయు రాచుటచే చర్మము ఒరిసి పుండ్లుపడెడిది. ఈ కష్టమును తప్పించుటకే ఇటీవలి కాలమున చిన్న యంత్రములు వచ్చినవి. పట్టుచీర తళతళలో ఒక ప్రాణి మరణమును, ఒక స్త్రీ చర్మపు రాపిడియు దాగియున్నవి. కథాపటమున మొదటిది లేదు. శాస్త్రపటమున రెండవది లేదు. మొదటిది మనిషిని చూచి పురుగును మరచినది, రెండవది పురుగును చూచి మనిషిని మరచినది.

ఈ మరపు పట్టుతోనే ముగిసిన దైనచో దీనిని కళాచరిత్రలో ఒక చిన్న సంగతిగా విడువవచ్చును. కాని మొగుళ్లపల్లి చేలు మనలను విడువవు. పత్తికాయలోని గులాబి పురుగును శాస్త్రలోకమునకు తెలిపినది 1843లో డబ్ల్యు. డబ్ల్యు. సాండర్సు అను ఆంగ్లేయుడు. అతడు వర్ణించిన పురుగులు గుజరాతులోని భరూచి పత్తిచేలనుండి వెళ్లినవి. నాటినుండి దాని బొమ్మ వ్యవసాయ గ్రంథములకును, కరపత్రములకును, గోడపటములకును ఎక్కినది. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున మన పల్లెల గోడలపై పురుగుమందుల ప్రకటనలు వెలసినవి. సంతకు వచ్చినవాడెవడైనను చూడదగిన రంగుల బొమ్మలవి. వానిలో పురుగు పామంత యగును, ప్రక్కన మందు డబ్బా ఆయుధమువలె వెలుగును. అప్పు ఎవరు తెచ్చిరి, మందు పనిచేయనిచో నేమగును అను ప్రశ్నలకు గోడపై చోటు లేదు.

1997, 1998 సంవత్సరములలో నాటి వరంగల్లు జిల్లాలో పురుగు తాకిడిచే పత్తి పంట నశించి, అప్పులపాలై, రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. చేలోని పురుగును చంపలేకపోయిన మందే వారిలో ఎందరికో తుది పానీయమైనది. 2002లో బీటీ పత్తికి మన దేశమున అనుమతి లభించినది. ఎనిమిదేండ్లు తిరుగకమునుపే, గులాబి పురుగు దానిని తట్టుకొనుచున్నదని గుజరాతునుండి వార్త వచ్చినది. పురుగు మారుచున్నది, విత్తనము మారుచున్నది, మందు మారుచున్నది. గోడపై బొమ్మయు రంగు మార్చుకొనుచున్నది. ఆ బొమ్మలో మనిషి లేని సంగతి మాత్రము మారలేదు.

కనుక పాత పటములను తప్పుపట్టి పారవేయుదమా? అది మా యభిప్రాయము కాదు. మెరియన్ పటము లేనిచో గొంగళియే చిలుక యగునని మన కన్ను ఇంత సులభముగా నమ్మియుండెడిది కాదు. నకాషీల పటము లేనిచో మగ్గము ముందు కూర్చున్నవానికి తన పని దేవతల పనియని చెప్పువారు లేకపోయెడివారు. రెండును కావలసినవే, కాని ఏ ఒక్కటియు చాలదు. మన పాఠశాలలో పట్టుపురుగు జీవితచక్రమును నల్లబల్లపై గీయు ఉపాధ్యాయుడు గ్రుడ్డు, పురుగు, కాయ, చిలుక అని నాలుగు బొమ్మలు వేసి చేతులు దులుపుకొనును. చెట్టుక్రింద వడిసెల పట్టిన కావలివానిని, కాయను ఉడికించి దారము లాగు తల్లిని గూడ అందు చేర్చినచో ఆ చక్రము పూర్తియగును. పత్తిపురుగు పటమును గోడకు అంటించు అధికారి, దాని ప్రక్కన రైతు పేరున అప్పు చీటిని గూడ గీయించినచో ఆ పటము సత్యమగును.

ఈసారి ఇంట పట్టుచీర మడత విప్పునప్పుడు, పొలమున పత్తికాయ చీల్చి చూచునప్పుడు, ఒక్క క్షణము ఆగి చూడుడు. దారపు కొసను పట్టుకొని వెనుకకు నడచినచో తామర తగులదు. ఒక ఆకు, దానిపై ఒక పురుగు, దానిని కనిపెట్టి కూర్చున్న ఒక మనిషి తగులుదురు. ముగ్గురిని ఒకే పటమున చేర్చి వ్రాయగల చిత్రకారుడు మన చేర్యాలలోనే పుట్టునేమో!